సమాధానం: మిర్యాలగూడలో అమ్మకు నెల నుంచి దగ్గు – క్యాన్సరా? గాలి ప్యూరిఫయర్ కొనాల్నా?

తమ్మీ, అమ్మ బీడీ ముట్టలేదు, ఇంటెనక రైసుమిల్లు, వంట కట్టెల పొయ్యి మీద, నెల నుంచి దగ్గు అన్నవు. ప్యూరిఫయర్ సంగతి తర్వాత, ముందు దవాఖానకు తీస్కపో.

రెండు వారాలు దాటిన దగ్గుకు మొదలు టీబీ పరీక్ష. సర్కారు దవాఖానల ఉచితమే. తెమడ రెండుసార్లు అడుగుతరు, ఒకటి పొద్దున లేవంగనే తీసింది. ఉమ్మి పనికిరాదు, నోరు పుక్కిలించి, గట్టిగ ఊపిరి పీల్చి, లోపల్నుంచి దగ్గి తీయాలె. దాంతోపాటే ఛాతీ ఎక్స్‌రే. గడబిడ అయ్యేది ఈడనే: ఎక్స్‌రేల ఊపిరితిత్తుల మీద మచ్చ కనబడంగనే, తెమడల ఏం రాకున్నా టీబీ మందులు మొదలుపెడతరు. అది క్యాన్సరైతే నెలలు వృథా. తెమడ నెగెటివ్, మచ్చ ఉంది అంటే సీటీ స్కాన్ అడుగు. ఎక్స్‌రే మంచిగుండి దగ్గు తగ్గకుంటే స్పైరోమెట్రీ (గొట్టంలకు ఊది ఊపిరితిత్తుల బలం చూసే పరీక్ష) చేయించు; కట్టెల పొగతోని సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై దీర్ఘకాలం ఉండే జబ్బు) వస్తది. తెమడల రక్తం పడ్డా, ఊకనే బరువు తగ్గినా ఒక్కరోజు గూడ ఆగొద్దు.

గాలి కాలుష్యం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2013లనే తేల్చింది, పొగ తాగనోళ్లకూ వస్తది. అయినా నెల దగ్గుకు ఎక్కువసార్లు కారణం వేరే ఉంటది.

ఇంట్ల మొదటి ఖర్చు గ్యాస్ పొయ్యికే పెట్టు. ప్యూరిఫయర్ కొంటే, 12×12 అడుగుల గదికి సీఏడీఆర్ (అది ఎంత గాలిని శుభ్రం చేస్తదో చెప్పే లెక్క) గంటకు 200 ఘనపు మీటర్లకు తగ్గొద్దు. సన్న దుమ్మును గూడ పట్టే హెపా ఫిల్టర్ ఉండాలె, ఊపిరితిత్తులకు హాని చేసే ఓజోన్ వాయువు వదిలేది వద్దు. కిటికీ తెరిచి నడిపితే దండుగ. ఊక దుమ్ము చీపురుతోని ఊడిస్తే మళ్ల లేస్తది, తడిగుడ్డతోని తుడువుర్రి.