షాపు బోర్డుకు సన్నగా, వెడల్పుగా ఉండే ఇంగ్లిష్ అక్షరాలు బాగుంటాయా?

బాగుంటాయి, కానీ పేరు చిన్నదై ఉండాలి, బోర్డు పెద్దదై ఉండాలి. ఒడిశాలోని పర్లాకిమిడిలో పద్నాలుగేళ్లుగా డీటీపీ, ఫ్లెక్స్ పని చేస్తున్నాను. దెబ్బతిన్నాకే ఈ మాట చెబుతున్నా.

మూడేళ్ల కిందట బట్టల షాపు పెడుతూ ఒకావిడ ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తెచ్చారు. (అందరూ స్క్రీన్‌షాటే తెస్తారు, ఫాంట్ పేరు ఎవరికీ తెలీదు.) సున్నా చుట్టినట్టున్న 'O' అక్షరం, వెంట్రుకంత గీత, అక్షరాల మధ్య మనిషి దూరేంత ఖాళీ. "ఇదే కావాలి అన్నయ్యా, క్లాస్‌గా ఉంది" అన్నారు. నా దగ్గర ఆ ఫాంట్ లేదు. ఉన్న సన్నదాన్నే కోరెల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అడ్డంగా లాగేశాను. అలా లాగితే నిలువు గీతలు లావెక్కుతాయి, అడ్డగీతలు అలాగే ఉండిపోతాయి. గుండ్రటి 'O' కాస్తా కోడిగుడ్డయింది. పైగా నల్ల ఫ్లెక్స్ మీద తెల్ల అక్షరాలు. పక్కనున్న నల్ల ఇంకు పాకి గీతలు అక్కడక్కడా తెగిపోయాయి. బోర్డు కట్టిన సాయంత్రమే ఎదురు టీకొట్టు దగ్గర ఒక ముసలాయన, "ఏటి బాబూ, బోర్డుకి దారాలు అంటించినారేటి?" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. రెండో ప్రింటు ఖర్చు నాదే.

ఈ రకం అక్షరాలు కాంపస్, స్కేలు పెట్టి గీసినట్టే ఉంటాయి కానీ నిజానికి అలా గీసినవి కావు. జర్మన్ డిజైనర్ పాల్ రెన్నర్ చేసిన ఫ్యూచురా అనే ఫాంట్ చూడండి, 1927లో వచ్చింది. అందులో చిన్న 'b' గుండ్రం నిలువు గీతను తాకేచోట సన్నబడుతుంది. అది కంటితో చూసి చేసిన సర్దుబాటు, మౌస్‌తో లాగితే రాదు. అపోలో 11 వాళ్లు 1969లో చంద్రుడి మీద వదిలిన ఫలకంలో ఉన్నవి ఫ్యూచురా క్యాపిటల్సే. దాన్ని రోడ్డవతల నుంచి చదవాల్సిన పని ఎవరికీ లేదు. మీకు ఉంది. బ్యూటీ పార్లర్ గాజు తలుపుకో, శుభలేఖ మీద పేర్లకో అయితే ఓకే. ఫోన్ నంబర్ మాత్రం సన్నక్షరాల్లో వేయించకండి.

నా అసలు గొడవ వేరే. ఇక్కడ బోర్డు మీద ఒడియా, ఇంగ్లిష్, తెలుగు మూడూ ఉంటాయి. ఇంగ్లిష్‌కు అంత ఖాళీ వదిలి, తెలుగును కింద మూలకు నొక్కేస్తారు. మన లిపికి కావాల్సింది ఎత్తు. 'స్త్రీ' అని రాయాలంటే పైన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. ఆయన పేరుతో గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా తెలుగు ఫాంటే ఉంది. ఇన్నేళ్లలో అది కావాలని అడిగిన కస్టమర్ ఒక్కరూ లేరు.

ఆవిడ రెండో బోర్డుకు అసలే వెడల్పుగా గీసిన ఫాంట్ వెతికి, గీత కాస్త లావు చేసి, తెల్ల ఫ్లెక్స్ మీద వేశాను. అడక్కుండానే తెలుగు పేరును పక్కనే అంతే ఎత్తులో పెట్టాను. ఆ ముసలాయన ఈసారి ఆగి, పైకే చదివి, ఒత్తు ఒకటి తప్పుందన్నాడు. నిజమే.