జీవలోకం – మీ ప్రశ్నలు, నా జవాబులు: పొదలున్నా చోటు లేని చిట్టికుందేలు

గత నెల ఈ పేజీలో పడమటి అమెరికాలో ఉండే పిగ్మీ కుందేలు ఫొటో వేసి, అది తగ్గిపోతోందని నాలుగు ముక్కలు రాశాను. దాని మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. ఈసారి పేజీ అంతా వాటికే. జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఇలాంటి ప్రశ్నలు వస్తే పండగే. స్థలం చాలక కొన్ని ఉత్తరాలను కుదించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న (ఇంటర్ బైపీసీ విద్యార్థిని, గాజువాక): మేడమ్, పిగ్మీ కుందేలు సేజ్‌బ్రష్ అనే పొద లేకపోతే బతకదని రాశారు. కుందేలు తినేది ఆకులే కదా. ఒక మొక్క పోతే ఇంకో మొక్క తినకూడదా?

తినలేదమ్మా. అందుకు కారణం కొంత దాని పొట్టలో ఉంది, కొంత అది బతికే చోటులో ఉంది.

ఎదిగిన పిగ్మీ కుందేలు అరకిలో తూగదు. పొడవు జానెడు మీద రెండు మూడు వేళ్లు. ఉత్తర అమెరికాలో ఇంతకంటే చిన్న కుందేలు లేదు. ఐడహో, నెవాడా, ఆరెగాన్, వయోమింగ్ లాంటి రాష్ట్రాల్లో, ఎత్తు మీదున్న పొడి మైదానాల్లో ఉంటుంది. అక్కడ చలికాలం వస్తే గడ్డి, చిన్నా చితకా మొక్కలు మంచు కింద పడిపోతాయి. మంచు పైకి తలెత్తి పచ్చగా నిలిచేది సేజ్‌బ్రష్. అందుకే చలికాలంలో ఈ కుందేలు తిండిలో దాదాపు 99 శాతం ఆ ఆకే. వేసవిలో గడ్డి దొరుకుతుంది కాబట్టి అది సగానికి తగ్గుతుంది.

ఆ ఆకు అందరికీ పడేది కాదు. అందులో టెర్పీన్లు అనే ఘాటైన నూనెలుంటాయి. చాలా జంతువులు దాన్ని కొద్దిగా మించి తినలేవు. పిగ్మీ కుందేలు ఒళ్లు మాత్రం వాటిని విరిచి బయటికి పంపేయగలదు. వేల తరాలుగా ఒకే ఆకుకు అలవాటు పడిన ఒళ్లు అది. రేపటి నుంచి వేరే ఆకు తినమంటే కుదరదు.

ఇంకో రెండు సంగతులు కూడా చెప్పాలి. గద్దలు, గుడ్లగూబలు, కొయోటీలు అనే నక్కలాంటి జంతువులు, వీజెల్ అనే ముంగిసంత వేటజంతువు... దీన్ని తినేవి బోలెడు. ఎత్తుగా, గుబురుగా పెరిగిన ముసలి పొదలుంటేనే వాటి కంట పడకుండా తిరగగలదు. పైగా అమెరికా కుందేళ్లలో తన బొరియ తానే తవ్వుకునేవి చాలా తక్కువ. ఇది తవ్వుకుంటుంది, అదీ పొద మొదట్లో, లోతుగా గుల్లగా ఉన్న మట్టిలో. ఈనేముందు తల్లి పిల్లల కోసం వేరే బొరియ తవ్వుతుంది. పాలిచ్చి బయటికొచ్చి, ద్వారం మట్టితో పూడ్చేసి, అక్కడేమీ లేనట్టు వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చి తవ్వుకుని పాలిస్తుంది. ఎంత జాగ్రత్తో చూడు! ముసలి పొద, గుబురు, లోతైన మట్టి, ఈ మూడూ ఒకేచోట ఉండాలి. ఒకటి తక్కువైనా కుందేలు ఉండదు.

ప్రశ్న (రిటైర్డ్ ఉద్యోగి, ఉక్కునగరం): కుందేళ్లు ఆస్ట్రేలియాను ముంచెత్తాయని చదివాం. అంత జోరుగా పిల్లల్ని పెట్టే జీవికి అంతరించిపోయే గతి ఎలా పట్టింది? వేటాడేస్తున్నారా?

వేట వల్ల కాదండీ. ఆస్ట్రేలియాలో పెరిగిపోయింది యూరప్ కుందేలు. దానికి గడ్డి ఉంటే చాలు, ఎక్కడైనా బతికేస్తుంది. పిగ్మీ కుందేలుకు ఆ వెసులుబాటు లేదు.

అసలు దెబ్బ నేల దగ్గర పడింది. కుందేలుకు కావలసిన లోతైన మెత్తటి మట్టే రైతుకూ కావాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో కొలంబియా నది పరీవాహక ప్రాంతాన్ని పందొమ్మిదో శతాబ్దం చివర్నుంచి గోధుమకు దున్నుతూ వచ్చారు. ముందు దున్నింది మంచి మట్టి ఉన్న చోట్లే కదా! దున్నకుండా వదిలేసింది రాళ్ల నేల. అక్కడ సేజ్‌బ్రష్ ఇంకా ఉంది, కానీ ఆ రాళ్లలో బొరియ దిగదు. మ్యాపు మీద చూస్తే వేల ఎకరాల పొదలు కనిపిస్తాయి. కుందేలు లెక్కలో అందులో చాలా భాగం పనికిరాని చోటు. ఈ ముక్క అర్థమైతే మిగతా కథంతా అర్థమవుతుంది.

మా అమ్మాయి సియాటెల్‌లో ఉంటుంది. ఒకసారి వాళ్లతో కాస్కేడ్ కొండలు దాటి తూర్పు వైపు వెళ్లినప్పుడు కారు ఆపించి ఈ పొదను దగ్గర నుంచి చూశాను. నా నడుమెత్తు ఉంది. మాను మెలికలు తిరిగి, బెరడు పీలికలు పీలికలుగా ఊడుతోంది. ఆకు బూడిద రంగు, వేలి గోరంత వెడల్పు, కొసన మూడు పళ్లు. నలిపితే కర్పూరం, మిరియం కలిసినట్టు ఘాటు. చేయి కడుక్కున్నా పోలేదు. రోడ్డుకు ఇటు పక్క ఆ పొదలు, కింద బండరాళ్లు. అటు పక్క కోసేసిన గోధుమ చేలు, కనుచూపు మేర ఒక్క పొద లేదు. అటు పక్కనున్న మట్టి చూస్తే, ఒకప్పుడు కుందేళ్లు ఎటు ఉండేవో ఎవరూ చెప్పనక్కర్లేదు.

మిగిలిన పొదలకు నిప్పు శత్రువైంది. చీట్‌గ్రాస్ అని ఒక గడ్డి పందొమ్మిదో శతాబ్దంలో యూరప్, ఆసియాల నుంచి అక్కడికి చేరింది. మన దగ్గర వయ్యారిభామ ఎలా పాకిందో అక్కడ ఇది అలా పాకింది. శీతాకాలానికి ముందే మొలిచి, వేసవి మొదట్లోనే ఎండిపోతుంది. పాత రోజుల్లో పొదకూ పొదకూ మధ్య ఖాళీ నేల ఉండేది, నిప్పు పడ్డా అంత దూరం పోయేది కాదు. ఇప్పుడా ఖాళీల్లో ఎండుగడ్డి. ఒక పిడుగు పడితే కొండలకు కొండలే అంటుకుంటున్నాయి. పెద్ద సేజ్‌బ్రష్ కాలితే మొదట్లోంచి మళ్లీ చిగురించదు. గింజ పడి మొలవాల్సిందే, కుందేలు దాక్కునేంత ఎదగాలంటే దశాబ్దాలు పడుతుంది. చీట్‌గ్రాస్ మాత్రం మరుసటి ఏడాదికే వచ్చేస్తుంది, మళ్లీ కాలుతుంది. గత ఇరవై ఏళ్లలో బాగున్న సేజ్‌బ్రష్ నేల ఏడాదికి సగటున 13 లక్షల ఎకరాల చొప్పున పాడైందని 2022లో అమెరికా జియలాజికల్ సర్వే లెక్క తేల్చింది.

ఇక పశువుల మందలు బొరియలు తొక్కేయడం, గ్యాస్ బావులు, వాటికి వేసే రోడ్లు, గద్దలు కాపు కాయడానికి పనికొచ్చే కంచె గుంజలు. ఒక్కోటీ చిన్నదే అనిపిస్తుంది, కానీ చిన్న చిన్న ముక్కలుగా మిగిలిన పొదల మీద ఇవన్నీ కలిసి పడుతున్నాయి. 2020 నుంచి అక్కడి అడవి కుందేళ్లలో రక్తస్రావంతో చంపేసే ఒక వైరస్ కూడా పాకుతోంది. పిగ్మీ కుందేళ్లకూ అది సోకింది.

ప్రశ్న (గృహిణి, ఎం.వి.పి. కాలనీ): సేజ్‌బ్రష్‌కి మన మాచిపత్రితో చుట్టరికం ఉందని మా వారు అంటున్నారు. నిజమేనా?

నిజమే. రెండూ ఆర్టిమీసియా ప్రజాతికి చెందినవే, పూలదండల్లో కట్టే దవనం కూడా. వినాయక చవితి పత్రిలో మొట్టమొదట సమర్పించే మాచిపత్రిని నలిపి వాసన చూడండి. ఆ ఘాటుకు కారణం ఇందాక చెప్పిన టెర్పీన్లే. సేజ్‌బ్రష్ తెచ్చి మన కుండీల్లో పెంచుదామని మాత్రం అనుకోకండి. మన ఉక్కపోత దానికి పడదు, విదేశీ మొక్కలు మనకూ వద్దు.

ప్రశ్న (హైస్కూలు టీచరు, పెందుర్తి): మన వైజాగ్ జూలో రేచుకుక్కలను పెంచి సంతతి వృద్ధి చేస్తున్నారు. అలాగే ఈ కుందేళ్లనూ పట్టి, పెంచి, వదిలేస్తే సరిపోతుంది కదా?

చేశారు మాస్టారూ. ఆ కథ కాస్త వివరంగా చెబుతాను, పిల్లలకు క్లాసులో చెప్పండి.

వాషింగ్టన్ రాష్ట్రంలోని పిగ్మీ కుందేళ్లు మిగతా వాటి నుంచి వేల ఏళ్ల కిందటే విడిపోయిన గుంపు. 2001 నాటికి అడవిలో 30 కూడా మిగల్లేదు. ఆ ఏడాది నవంబరులో ప్రభుత్వం అత్యవసరంగా వాటిని అంతరించే జాబితాలో చేర్చింది. 16 కుందేళ్లను పట్టి తెచ్చి జూలోనూ, విశ్వవిద్యాలయంలోనూ పెంచడం మొదలుపెట్టారు. కానీ అప్పటికే ఆలస్యమైంది. అన్నీ దగ్గరి రక్తసంబంధం ఉన్నవే కావడంతో ఈతలు తగ్గాయి, పిల్లలు నిలవలేదు, రోగాలకు తట్టుకోలేదు. గత్యంతరం లేక ఐడహో కుందేళ్లతో కలిపారు. ఆ గుంపుకు చెందిన అచ్చమైన చివరి మగది 2006లో, చివరి ఆడది 2008లో పోయాయి. వాటి రక్తం ఇప్పుడు మిశ్రమ సంతతిలో మాత్రమే ఉంది.

2007లో 20 కుందేళ్లను అడవిలో వదిలారు. బోనులో పుట్టి పెరిగిన పిల్లలకు గద్ద నీడ పడితే ఏం చేయాలో ఏం తెలుస్తుంది? చాలావాటిని కొద్ది రోజుల్లోనే వేటజంతువులు తినేశాయి. 2011 నుంచి పద్ధతి మార్చారు. సేజ్‌బ్రష్ ఉన్న చోటే ఎకరాల కొద్దీ నేలకు కంచె వేసి, అసలు పొదల్లోనే పెంచి, పిల్లలను చుట్టుపక్కల వదిలారు. వేరే రాష్ట్రాల నుంచి కూడా కుందేళ్లు తెచ్చి కలిపారు. అది ఫలించింది. వదిలినవి అడవిలో పిల్లలు పెట్టడం మొదలైంది.

2017 వేసవిలో కార్చిచ్చు వచ్చి అలాంటి ఒక ఆవరణను చుట్టేసింది. సిబ్బంది మంటల్లోంచి 32 కుందేళ్లను బయటికి తెచ్చారు. 70 దాకా కాలిపోయాయి. 2020 సెప్టెంబరులో ఇంకో పెద్ద మంట మరో ఆవరణనూ, బయట అవి కుదురుకున్న పొదలనూ మింగేసింది. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు మనసు కలచివేసినట్టవుతుంది. పదేళ్ల పనిలో పెద్ద భాగం ఒక్క మంటలో పోయింది. అయినా వాళ్లు వదలలేదు, మళ్లీ మొదలుపెట్టారు.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: పెంచడం సాధ్యమే. పెంచినవాటిని పెట్టుకోవడానికి కాలని నేల కావాలి. అందుకే నాకు జూ కంటే అక్కడి రైతుల సంగతే ఎక్కువ ఆశ కలిగిస్తుంది. కొంత పొలాన్ని దున్నకుండా వదిలేస్తే ప్రభుత్వం ఏటా అద్దె చెల్లించే పథకం ఒకటి అక్కడ ఉంది. అలా వదిలిన గోధుమ పొలాల్లో సేజ్‌బ్రష్ తిరిగి మొలిచి, కొన్నిచోట్ల పిగ్మీ కుందేళ్లు బొరియలు తవ్వుకున్నాయి. ఆ మట్టి లోతైనది మరి! తమ పొలంలో ఈ కుందేలు కనబడితే ఎక్కడ కేసులు, ఆంక్షలు వస్తాయోనన్న టెన్షన్ రైతుకు లేకుండా ముందే ఒప్పందాలు కూడా రాసుకుంటున్నారు. రైతును దొంగలా చూడకుండా కలుపుకుపోవడం నాకు బాగా నచ్చింది.

ప్రశ్న (జీడితోట రైతు, పద్మనాభం మండలం): మా తోటల్లో చెవులపిల్లులు బాగా తగ్గిపోయాయి. చిన్నప్పుడు తెల్లారగట్ల తోటకెళ్తే రెండు మూడు ఎదురొచ్చేవి. వాటికీ ఇదే కారణమా?

మీ చెవులపిల్లి వేరు జీవి. మెడ వెనక నల్లమచ్చ ఉంటుంది చూడండి, దాని శాస్త్రీయ నామంలో కూడా ఆ మచ్చే ఉంది. పిగ్మీ కుందేలుకు నాలుగైదు రెట్ల బరువుంటుంది. గడ్డి, చిగుళ్లు, పంటలు ఏవైనా తింటుంది, కాబట్టి దేశం మొత్తం మీద దానికి ముప్పు లేదు. బొరియ తవ్వదు. పొద కింద తన ఒళ్లు పట్టేంత గుంట చేసుకుని పగలంతా అందులోనే అణిగి పడుకుంటుంది. పిల్లలు కూడా బొచ్చుతో, కళ్లు తెరిచే పుడతాయి, ఎందుకంటే దాచడానికి బొరియ లేదు.

ఆ గుంటే దానికి ఇల్లు. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు ఇప్పుడేం జరుగుతోందో మీకు నాకంటే బాగా తెలుసు. లేఅవుటు వేయగానే ముందు జేసీబీ పెట్టి పొదలన్నీ ఊడ్చేస్తారు. ప్లాట్లు అమ్ముడయ్యేసరికి ఏళ్లు గడుస్తాయి, రాళ్లు పాతిన ఆ ఖాళీ నేలలో చెవులపిల్లి పగలు ఎక్కడ పడుకోవాలి? తోటల్లో ఏటా గింజల కోతకు ముందు కిందంతా శుభ్రం చేసి చెత్త తగలబెట్టడం కూడా దానికి చేటే. ఊరకుక్కల బెడద సరేసరి.

మీ చేతిలో ఉన్నవి చెబుతాను. తోట గట్ల మీద, గెడ్డ పక్కన ఉన్న పొదలను కొట్టకండి, తోట అంచున ఒక వరస అలా ఉంచేయండి. జీడిచెట్ల కింద ఆకులు తగలబెట్టే బదులు పాదుల్లో వేయండి, నేలకూ మంచిది. రాత్రిపూట హెడ్‌లైట్లు వేసుకుని వలలతో వచ్చేవాళ్ల గురించి కూడా రాశారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చెవులపిల్లిని వేటాడటం నేరం. జైలుశిక్ష ఉంది. కొని తినడమూ తప్పే. అలాంటివాళ్లు వస్తే మీరు ఒక్కరే ఎదురెళ్లకుండా అటవీ శాఖ వాళ్లకు ఫోన్ చేయండి.

ప్రశ్న (మధురవాడ నుంచి ఒక తల్లి): మా బాబుకు కొన్న పెంపుడు కుందేలు పిగ్మీ రకమని షాపులో చెప్పారు. ఇల్లు మారుతున్నాం. కంబాలకొండ అడవిలో వదిలేస్తే స్వేచ్ఛగా బతుకుతుందా?

షాపులవాళ్లు చెప్పింది నమ్మకండమ్మా. ఇళ్లలో పెంచే కుందేళ్లన్నీ, పొట్టి రకాలతో సహా, యూరప్ కుందేలు సంతతే. కంబాలకొండలో వదిలితే ఒక్క రాత్రి గడవడం కూడా కష్టం. నక్కో, కుక్కో పట్టేస్తుంది. దానికేదైనా రోగం ఉంటే అడవిలోని చెవులపిల్లులకు అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అభయారణ్యంలో పెంపుడు జంతువును వదలకూడదు. మీ అపార్ట్‌మెంట్‌లోనో, బాబు స్కూలు స్నేహితుల ఇళ్లలోనో దాన్ని బాగా చూసుకునేవాళ్లు ఉంటే పంజరంతో సహా ఇచ్చేయండి. అది రోజూ తినే గడ్డి, ఆకులు ఏమిటో ఒక కాగితం మీద రాసివ్వండి.