బూట్లు సరిపోయాయి

చిరంజీవికి, ఆశీస్సులతో.

నీ సైన్స్ ఫిక్షన్ స్క్రిప్టు రాత్రే చదివాను. మొదటి ఆరు పేజీలూ గ్రహాల చరిత్ర, వంశాల పగలు. ఏడో పేజీలో ఒకావిడ పాత చీర ముక్కతో నౌక అద్దం తుడుస్తూ కనిపించింది. అక్కడి నుంచి కాగితాలు కింద పెట్టలేదు. ఆ ఆరు పేజీల గురించే ఈ ఉత్తరం.

1996లో వచ్చిన 'డాక్టర్ హూ' టెలివిజన్ సినిమా దొరికితే చూడు. డాక్టర్ అనే పేరుతో కాలంలో ప్రయాణించే గ్రహాంతరవాసి కథ అది; చావు దగ్గరపడినప్పుడల్లా అతను కొత్త రూపంతో లేస్తాడు, నటుడూ మారతాడు. 1963లో బీబీసీ మొదలుపెట్టిన ఆ ధారావాహిక 26 సీజన్లు నడిచి 1989లో ఆగిపోయింది. నిర్మాత ఫిలిప్ సెగల్ ఏళ్ళ తరబడి పట్టు విడవకుండా తిరిగి, అమెరికాలోని ఫాక్స్ టీవీ సంస్థనూ బీబీసీనీ కలిపి ఈ సినిమా తీయించాడు. అది ప్రేమతో చేసిన పని. తప్పులూ ఆ ప్రేమలోంచే వచ్చాయి.

తెర మీద మొదట వినిపించేది ఒక గొంతు. స్కారో గ్రహం మీద డాక్టర్ పాత శత్రువు మాస్టర్‌కు విచారణ, మరణశిక్ష, తన అవశేషాలను వాళ్ళిద్దరి సొంత గ్రహం గాలిఫ్రేకు చేర్చమని అతని చివరి కోరిక. కొత్త ప్రేక్షకుడికి ఇందులో ఒక్క పేరూ తెలియదు. ఆ తర్వాత పాత డాక్టర్‌గా నటించిన సిల్వెస్టర్ మెకాయ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగుతూనే తుపాకి గుండ్లకు పడిపోతాడు. అతనికి రెండు గుండెలున్నాయని తెలియని గ్రేస్ అనే డాక్టరమ్మ చేతిలో, ఆపరేషన్ బల్ల మీదే చనిపోతాడు. అసలు కథానాయకుడు, కొత్త డాక్టర్‌గా పాల్ మెగాన్ కళ్ళు తెరిచేసరికి దాదాపు 20 నిమిషాలు గడిచిపోతాయి. పాత అభిమానికి అది కన్నీటి వీడ్కోలే, నాకూ గొంతు పట్టేసింది. కానీ పరిచయమే లేని మనిషి పోతే కొత్తవాడు ఎందుకు ఏడుస్తాడు? బ్రిటన్‌లో 90 లక్షల మంది చూశారు. అమెరికాలో చాలినంత మంది చూడలేదు, ఆశించిన సిరీస్ రాలేదు.

అయినా అందులో ఒక చోటు ఉంది, అక్కడ ఆగి చూడు. గ్రేస్‌తో నడుస్తూ డాక్టర్ తన చిన్నతనాన్ని గుర్తు చేసుకుంటాడు: తండ్రి పక్కన పడుకుని ఆకాశం చూసిన రాత్రి. మాట మధ్యలో చటుక్కున ఆగి, ఈ బూట్లు నాకు సరిగ్గా సరిపోయాయి అని పసివాడిలా సంబరపడిపోతాడు. ఆ ఒక్క క్షణంలో మనకు అతను తెలిసిపోతాడు. ముందు చెప్పిన చరిత్రంతా చేయలేని పని ఆ బూట్లు చేశాయి. 2013లో ఏడు నిమిషాల చిన్న చిత్రంలో మెగాన్ మళ్ళీ కనిపించినప్పుడు అభిమానులు అంతగా పొంగిపోయారంటే, వాళ్ళు ఇన్నేళ్ళూ దాచుకున్నది ఆ మనిషినే.

2005లో రచయిత రస్సెల్ టి. డేవిస్ సిరీస్‌ను మళ్ళీ మొదలుపెట్టినప్పుడు, తొలి భాగం అలారం మోతకు నిద్రలేచి దుకాణంలో పనికి వెళ్ళే రోజ్ అనే అమ్మాయితో మొదలవుతుంది. గాలిఫ్రే పేరే అందులో లేదు. డాక్టర్ ఎవరో ఆమెకు ఎంత తెలిస్తే మనకూ అంతే.

ఆ ఆరు పేజీలు చింపకు, అవి నీకు అవసరం. విడిగా దాచుకుని, ఏడో పేజీ నుంచి మళ్ళీ రాసి పంపు. ఆ చీర ముక్క ఎవరిదో మాత్రం నువ్వు ఎక్కడా చెప్పలేదు. నాకు అది తెలియాలి.