గేమ్ పెడితే కంప్యూటర్ ఆగిపోతోంది

ప్రశ్న: మాది పలాస. అన్నదమ్ములిద్దరం డబ్బులు కూడబెట్టి, విడిభాగాలు కొని సొంతంగా కంప్యూటర్ బిగించుకున్నాం. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. సినిమాలు బాగానే నడుస్తాయి. గేమ్ పెట్టిన రెండు నిమిషాలకే టక్కున ఆగి మళ్లీ ఆన్ అవుతోంది. విండోస్‌లో లోపాలు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని చూపిస్తోంది. షాపులో కార్డు పోయిందన్నారు. అన్నిటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ డబ్బా కేబినెట్‌తో పాటు వచ్చిందే. దాని మీద 450 వాట్లని, 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లని రాసుంది. కొత్త కార్డు కొనాలా సార్?

జవాబు: వద్దు తమ్ముడూ, కార్డు జోలికి ఇప్పుడే పోకు. నువ్వు రాసిన ఆ 16 దగ్గరే అసలు సంగతుంది. 12ని 16తో హెచ్చవేస్తే 192 వాట్లు. కార్డు, ప్రాసెసర్ ప్రధానంగా లాగేది ఆ 12 వోల్టుల లైను నుంచే. గేమ్ నడిచేటప్పుడు కార్డుకే 170 వాట్లు కావాలి, ప్రాసెసర్‌కు ఇంకో 65 వేసుకో. 235 అయిపోయింది, ఫ్యాన్లు లెక్కలోకి రానేలేదు. పైన పెద్దక్షరాల్లో ఉన్న 450ని నమ్మి కొనేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఈ కార్డుకు 550 వాట్ల సప్లై ఉండాలని ఎన్‌విడియా వాళ్లే చెబుతారు. సినిమా చూసేటప్పుడు కార్డు పెద్దగా లాగదు, అందుకే అప్పుడు ఆగట్లేదు.

41 అంటే సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే. తప్పు ఎక్కడుందో అది చెప్పదు.

ముందు సైడు ప్యానెల్ తీసి కార్డుకు వెళ్లే వైరు చూడు. ఇలాంటి ఎస్ఎంపీఎస్‌లకు చాలావాటికి 8 పిన్నుల వైరు ఉండదు, పాత రకం 4 పిన్నుల మోలెక్స్ ప్లగ్గును కార్డుకు కలిపే అడాప్టర్ తగిలించి ఇస్తారు. పోయిన వేసవిలో శ్రీకాకుళంలో నా బెంచీ మీదికి అలాంటిదే ఒకటొచ్చింది. అడాప్టర్ లాగితే రాలేదు. బలంగా ఊపి తీస్తే, పసుపు వైరు దూరే రంధ్రం చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి కరిగిపోయి ఉంది, కాలిన వాసన. నీదీ అలా ఉంటే ఇంక ఏ పరీక్షా వద్దు, ప్లగ్ పీకెయ్.

వైరు బాగుంటే, కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 65 శాతానికి దించు. కార్డు 110 వాట్ల దగ్గర ఆగుతుంది. అదే గేమ్ అరగంట ఆగకుండా నడిస్తే అనుమానం ఎస్ఎంపీఎస్ మీదే. మధ్యలో 600 వీఏ యూపీఎస్ ఉంటే అది పక్కన పెట్టి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి చూడు, ఒక్కోసారి లోడు తట్టుకోలేక ఆగేది అదే. మల్టీమీటర్‌లో 12 వోల్టులు బాగానే చూపించిందని ధైర్యపడకు. క్షణంలో పడి లేచే వోల్టేజీ మీటర్‌కు అందదు. 11.4 కంటే తక్కువ చూపిస్తే మాత్రం లోపం ఖాయం.

కొనేటప్పుడు 550 లేదా 650 వాట్లది, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ గుర్తున్నది, 8 పిన్నుల వైరు సొంతంగా ఉన్నది తీసుకో. 12 వోల్టుల గడిలో 40 ఆంపియర్లకు తగ్గకూడదు. పాత ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఇద్దరిలో ఎవరూ విప్పొద్దు. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, గట్టి షాక్ కొడుతుంది.

కొత్తది వచ్చేదాకా గేములు ఆపండి.