గబ్బిలాలు కొన్ని చెట్లకే ఎందుకు వేలాడతాయి? మా ఇంట్లో చూసింది చెప్తా

మీ కాంపౌండ్‌లో ఇన్ని చెట్లుండగా గబ్బిలాలు ఆ రెండు అశోక చెట్లనే ఎందుకు పట్టుకున్నాయి, అరిష్టం కొట్టించెయ్యండి అని అత్తయ్య అంటున్నారు ఏం చెయ్యాలి అని కదా మీరడిగింది. కొట్టించకండి ప్లీజ్. మాది తార్నాక వైపు పాత ఇల్లు, ప్రహరీ పక్కన ఇవే పొడుగు అశోక చెట్లు, ఏళ్ల తరబడి వాటితోనే ఉన్నాం, మాకు ఏ అరిష్టమూ రాలేదు.

అవి చిన్న పండ్ల గబ్బిలాలు, సైనాప్టెరస్ అంటారు. వాటికి కావాల్సింది చెట్టు కాదు, కిందికి వాలి దట్టంగా వేలాడే ఆ ఆకులు. ఒక ఎండాకాలం అమ్మ రోజూ చెట్టు కింద కొరికిన ఆకు ముక్కలు ఊడ్చేది, ఉడతల పనేమో అనుకున్నాం, ఒకరోజు పొద్దున టార్చ్ వేసి కింద నుంచి చూస్తే ఆకుల మధ్య గొడుగు లోపల ఉన్నట్టు ఖాళీ, అందులో ఒకదాన్నొకటి ఆనుకుని అయిదారు ఉన్నాయి. తర్వాత చదివితే తెలిసింది, మగది లోపలి ఆకులూ రెమ్మలూ కొరికి కొరికి గూడారంలా తయారు చేసుకుంటుందట, చోటు నచ్చితే ఆడవి వచ్చి చేరతాయి, మగది కాపలా ఉంటుంది. అంటే దొరికిన చోట ఉండటం కాదు, ఇల్లు కట్టుకుంటున్నాయి!

అవి చూసుకునేది ముఖ్యంగా పగలు కాకులకి, గద్దలకి కనపడకూడదు, వాన పడకూడదు, ఇంకా కింద అడ్డం ఉండకూడదు. ఈ చివరిది చాలామందికి తెలీదు, గబ్బిలం పిట్టలాగా ఎగిరి లేవదు, పట్టు వదిలి కిందికి జారి ఆ ఊపులో రెక్కలు విప్పుతుంది. మా చెట్లలో ఒకదాని కింద రేకుల షెడ్ ఉంది, ఆ చెట్టులో ఒక్కసారి కూడా ఉండలేదు, కారణం అదేనని నా అంచనా.

పెద్ద గబ్బిలాలది వేరే లెక్క, అవి దాక్కోవు, మర్రి, రావి, చింత లాంటి పెద్ద చెట్ల పైకొమ్మలకి వందల్లో బాహాటంగా వేలాడతాయి, దగ్గర్లో చెరువో కుంటో ఉంటే ఇంకా ఇష్టం. ఎండాకాలం మధ్యాహ్నం రెక్కలతో విసురుకుంటూ ఉంటాయి పాపం, 42 డిగ్రీలు దాటితే రాలిపడి చచ్చిపోతాయి కూడా. అందుకే నీళ్లు, నీడ ఉన్న చెట్టు కొట్టేస్తే వాటికి ఇంకోటి వెంటనే దొరకదు. ఇవి కళ్లతో చూసే తిరుగుతాయి కాబట్టి చెట్ల మీదే ఉంటాయి, గోల్కొండలో ఆ వాసనొచ్చే చీకటి గదుల్లో ఉండేవి పురుగులు తినేవి, వాటికి శబ్దం ప్రతిధ్వనే దారి చూపిస్తుంది.

ఇంకో రకం ఉంది, బొటనవేలంత ఉంటాయి, సజ్జ కింద పగుళ్లలో, షట్టర్ డబ్బాల్లో దూరతాయి. ఇది చెప్పడానికి ఇప్పటికీ బాధే, ఒకసారి మా ఏసీ పైపు పక్క కన్నంలో కిచకిచ వినిపిస్తుంటే పగలే సిమెంట్ పెట్టించేశాం, లోపల తల్లీ పిల్లా ఉన్నాయని మూడో రోజు వాసన వచ్చాక అర్థమైంది. అవి పిల్లల కోసమే వెచ్చటి ఇరుకు చోటు చూసుకుంటాయి. మీరెప్పుడైనా మూయాల్సొస్తే పిల్లలు ఎగరడం నేర్చాక, చీకటి పడి అన్నీ బయటికెళ్లాయని చూసుకుని మూయండి.

అత్తయ్యకి ఇది కూడా చెప్పండి, 1972 వన్యప్రాణి చట్టంలో పండ్ల గబ్బిలాలని ఎలుకలూ కాకులతో కలిపి హానికర జంతువుల జాబితాలో పెట్టారు, 2022 సవరణలో ఆ జాబితానే ఎత్తేశారు. కింద పడితే మాత్రం ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, కరిస్తే వెంటనే సబ్బుతో కడుక్కుని రేబిస్ ఇంజెక్షన్‌కి వెళ్లండి, అవి కొరికిన జామకాయలు, సపోటాలు తినకండి.

చెట్టు కింది కొమ్మలు కత్తిరించకుండా ఉంచండి, మేం ఒకసారి అందంగా ఉంటుందని కత్తిరిస్తే గూడారం లోపలికి వెలుగు పడి రెండు రోజుల్లో వెళ్లిపోయాయి. గోడ మీద మరకలంటారా, ఎండకముందే పొద్దున్నే పైపుతో నీళ్లు కొడితే పోతాయి, బండి మాత్రం అక్కడ పెట్టకండి.