పీఎస్ఏ ఎక్కువొస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నట్టేనా?

కాదు, రక్త పరీక్షలో పీఎస్ఏ పెరగడం ప్రోస్టేట్ గ్రంథిలో ఏదో తేడా ఉందని చెబుతుంది తప్ప, అది క్యాన్సరేనని చెప్పదు.

పీఎస్ఏ అనేది ఆరోగ్యంగా ఉన్న ప్రోస్టేట్ కణాలు కూడా రోజూ తయారుచేసే ప్రోటీన్. వీర్యాన్ని పలచబరచడం దాని పని. మామూలుగా అది గ్రంథి నాళాల్లోనే ఉండిపోతుంది, రక్తంలోకి చాలా కొద్దిగా మాత్రమే వస్తుంది. క్యాన్సర్ కణాలు గ్రంథి అమరికను చెడగొడితే ఎక్కువగా కారుతుంది. ఇన్ఫెక్షన్ వచ్చి వాచినా అంతే. వయసుతోపాటు గ్రంథి ఉబ్బినా పెరుగుతుంది.

65 ఏళ్ల ఒకాయనకు మూత్రంలో మంట, జ్వరం ఉన్నాయనుకోండి. ఆ సమయంలో టెస్ట్ చేస్తే పీఎస్ఏ మిల్లీలీటరు రక్తానికి 9 నానోగ్రాములు రావచ్చు. ఇన్ఫెక్షన్ తగ్గాక, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ చూస్తే అదే 3కి దిగవచ్చు. తగ్గకపోతే ఎంఆర్ఐ, అవసరమైతే బయాప్సీ, అంటే గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం. క్యాన్సర్ అని తేల్చేది బయాప్సీయే.

చాలామంది 4 నానోగ్రాములను పాస్ మార్కులా చూస్తారు. దాటితే టెన్షన్, దాటకపోతే నిశ్చింత. రెండూ పొరపాటే, 4 లోపు ఉన్నవాళ్లలోనూ కొందరికి క్యాన్సర్ బయటపడుతుంది. పైగా ప్రోస్టేట్ ఉబ్బుకు ఇచ్చే ఫినాస్టెరైడ్ మాత్ర కొన్ని నెలలు వాడితే పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. జుట్టు రాలకుండా వేసుకునేదీ ఇదే మాత్ర, డాక్టరుకు చెప్పడం మర్చిపోయేదీ దీన్నే!

ఆపరేషన్‌లో ప్రోస్టేట్ మొత్తం తీసేసిన వాళ్లలో మాత్రం లెక్క వేరు. పీఎస్ఏ దాదాపు సున్నాకి రావాలి, తర్వాత మళ్లీ పెరుగుతూ పోతే జబ్బు తిరగబెట్టిందని అనుమానిస్తారు.