ఇడ, పింగళ మూసుకుపోతే పాదాలు తిమ్మిరెక్కుతాయా?

ప్రశ్న: నా వయసు 54. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఏడాదిగా రెండు పాదాల్లోనూ తిమ్మిర్లు, రాత్రిళ్లు మంటలు. ఇడ, పింగళ నాడులు మూసుకుపోవడం వల్లే ఇలా అవుతోందని మా యోగా మాస్టారు అంటున్నారు. ఆయన చెప్పినట్టు మూడు నెలలుగా రోజూ అరగంట వజ్రాసనంలో కూర్చుని ఒక ముక్కు రంధ్రంతో గాలి పీల్చి రెండోదాంతో వదిలే అనులోమ విలోమ ప్రాణాయామం చేస్తున్నాను. మనసు హాయిగా ఉంది, నిద్ర పడుతోంది. తిమ్మిర్లు మాత్రం తగ్గలేదు. యోగాలో చెప్పే నాడులు, మన నరాలు ఒకటేనా? షుగర్ మాత్రలు మానేయవచ్చా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: మాత్రలు మానకండి అమ్మా. ప్రాణాయామం కూడా మానక్కర్లేదు. వజ్రాసనం మాత్రం ఈ రోజు నుంచే ఆపేయండి. ఎందుకో చెబుతాను.

ముందు మీ అసలు ప్రశ్న. మనకు ఈ చిక్కు సగం మాటల వల్లే వచ్చింది. చెయ్యి పట్టుకుని ‘నాడి చూశారు’ అంటే అది ధమనిలో రక్తం కొట్టుకోవడం. ‘సెలైన్ ఎక్కించడానికి నరం దొరకలేదు’ అంటే అది సిర. ‘నరాల డాక్టర్’ అన్నప్పుడు మాత్రమే మెదడు, వెన్నుపాము నుంచి బయల్దేరే అసలు నరాలు. వీటికి తోడు యోగ గ్రంథాల నాడి ఇంకొకటి. సంస్కృతంలో నాడి అంటే గొట్టం, ప్రాణం ప్రవహించే దారి అని భావం. హఠయోగ ప్రదీపిక అలాంటివి 72,000 ఉన్నాయంటుంది, శివసంహిత మూడున్నర లక్షలంటుంది. శరీరాన్ని కోసి లెక్కపెట్టిన అంకెలు కావివి. నరం అలాంటి గొట్టం కాదు, దాని వెంట సన్నటి విద్యుత్ సంకేతం ఒక చివర నుంచి ఇంకో చివరకు పరుగెడుతుంది.

పోలిక మాత్రం కంటికి బాగా ఆనుతుంది. వెన్నెముక మధ్యలో సుషుమ్న అంటారు, అక్కడ వెన్నుపాము ఉంది. దానికి అటూ ఇటూ ఇడ, పింగళ అంటారు. మెడ నుంచి తోక ఎముక దాకా వెన్నెముకకు రెండు పక్కలా పూసల దండల్లాంటి నరాల గొలుసులు నిజంగానే ఉన్నాయి. అయితే పింగళ వేడి, ఇడ చల్లదనం అని యోగ శాస్త్రం చెబుతుండగా, ఈ రెండు గొలుసులూ చేసేది ఒకే రకం పని: గుండె వేగం పెంచడం, చెమట పట్టించడం, ఆపదకు ఒంటిని సిద్ధం చేయడం. శాంతపరిచే పని ఎక్కువగా చూసేది వేగస్ అనే వేరే నరం. అది మెదడు అడుగు నుంచి మెడ గుండా గుండెకు, పొట్టకు దిగుతుంది. 1927లోనే బొంబాయి వైద్యుడు వసంత్ రేలే, వెన్నెముక అడుగున నిద్రాణంగా ఉంటుందని యోగులు చెప్పే కుండలిని శక్తి అంటే ఈ వేగస్ నరమేనని రాశారు. నాకైతే అది సరిపోదనిపిస్తుంది.

ఆర్య సమాజం స్థాపించిన దయానంద సరస్వతి యువకుడిగా ఉండగా గంగలో కొట్టుకొస్తున్న శవాన్ని ఒడ్డుకు లాగి, తన దగ్గరున్న యోగ గ్రంథాలు పక్కన పెట్టుకుని కోసి చూశారట. నాడులు కలిసే చోట్లుగా వాటిలో చెప్పిన చక్రాలు కనిపించకపోవడంతో ఆ పుస్తకాలనూ చించి నదిలో వేశానని స్వయంగా రాసుకున్నారు. నేను అంత దూరం వెళ్లను. యోగులు కళ్లు మూసుకుని లోపల అనుభవించినదాన్ని పటంగా గీశారు. ఆ పటాన్ని పట్టుకుని తిమ్మిరికి కారణం వెతకడమే పొరపాటు.

మీకు మనసు హాయిగా ఉండటం భ్రమ కాదు. గాలి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు నెమ్మదిగా కొట్టుకుంటుంది. నిమిషానికి 12 నుంచి 20 సార్లు తీసే ఊపిరిని ఆరుకు తగ్గించి, వదలడాన్ని పొడిగిస్తే వేగస్ ప్రభావం పెరిగి టెన్షన్ దిగుతుంది. ముక్కు రంధ్రాల సంగతీ అంతే. కొన్ని గంటలకోసారి ఒకవైపు బిగుసుకుని రెండోవైపు తెరుచుకోవడాన్ని యోగులు ఎప్పుడో గమనించారు. 1895లో జర్మన్ వైద్యుడు కైజర్ కూడా దాన్ని వివరించారు. లోపలి పొరల్లో రక్తం నిండటం, తగ్గడం వల్ల అలా జరుగుతుంది. దాన్ని నడిపేదీ నరాలే.

ఇక మీ పాదాలు. రెండింటికీ కలిపి రావడం, రాత్రిళ్లు మంట ఎక్కువ కావడం చూస్తే షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నట్టే అనిపిస్తోంది. నడుము నుంచి కాలివేళ్ల దాకా వెళ్లే నరాలు ఒంట్లో అన్నిటికంటే పొడవైనవి, దాదాపు మీటరు ఉంటాయి. అందుకే దెబ్బ ముందు వాటి చివర కనిపిస్తుంది. ఏ దారీ మూసుకుపోలేదమ్మా, తీగ అరిగిపోతోంది. ఇంకో కారణం కూడా ఉండొచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 విటమిన్ తగ్గవచ్చు, శాకాహారులైతే మరీను. అదీ ఇలాంటి తిమ్మిర్లే తెస్తుంది. తగ్గిందని తేలితే భర్తీ చేయడం సులువు. ఆలస్యం చేస్తే మాత్రం పూర్తిగా కోలుకోకపోవచ్చు.

కాబట్టి ఈ వారంలోనే మూడు నెలల సగటు షుగర్, బి12, థైరాయిడ్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోండి. సన్నని నైలాన్ దారం ఆనించి పాదాల స్పర్శ చూడమని డాక్టర్‌ను అడగండి. మంటలకు మంచి మందులున్నాయి, ఓర్చుకుంటూ కూర్చోవద్దు.

వజ్రాసనం ఎందుకు వద్దన్నానంటే, మోకాలి కింద బయటివైపు ఒక నరం ఎముకను ఆనుకుని చర్మం కిందే పోతుంది. మడమల మీద ఎక్కువసేపు కూర్చుంటే అది నలిగి పాదం పైకి లేవకుండా పోవచ్చు. 1971లోనే ఒక అమెరికన్ వైద్య పత్రికలో దీన్ని ‘యోగా ఫుట్ డ్రాప్’ పేరుతో రాశారు. షుగర్ ఉన్నవాళ్ల నరాలు ఈ ఒత్తిడికి ఇంకా తేలిగ్గా లొంగుతాయి. మీరు కుర్చీలో కూర్చుని, పాదాలు నేలకు ఆనించి ప్రాణాయామం చేయండి. ఫలితం అదే. కపాలభాతి లాంటి వేగమైనవి మాత్రం బీపీ, కంటి రెటీనా చూపించుకోకుండా మొదలుపెట్టొద్దు. నడుస్తుంటే పాదం ఈడుస్తున్నా, ఒక కాలే బలహీనపడినా, మూత్రం పట్టు తప్పినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

రోజూ పడుకునే ముందు అరికాళ్లు అద్దంలో చూసుకోండి. మంటలని వేడినీళ్ల కాపడం పెట్టకండి, కాలినా మీకు తెలియదు. మధ్యాహ్నం ఎండలో గుడి ప్రాంగణంలో ప్రదక్షిణలు చేసి, ఇంటికొచ్చాక గానీ బొబ్బలు చూసుకోని వాళ్లను ప్రతి వేసవిలో చూస్తున్నాను. మీరు పొద్దున్నే వెళ్లి రండి, కాళ్లకు మందపాటి సాక్సులు వేసుకోండి.